2,763 సంతకాలు: హెచ్‌పీవీ టీకా గురించి మనకి ఎవరూ చెప్పని ఖమ్మం కథ

2024 ఫిబ్రవరి మొదటి వారం గుర్తుందా? ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మధ్యంతర బడ్జెట్ చదువుతూ ఒక మాట అన్నారు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయించడాన్ని ప్రోత్సహిస్తామన్నారు. ఆ మాట మనలో చాలామంది వినలేదు. మరుసటి రోజు మోడల్ పూనమ్ పాండే అదే క్యాన్సర్‌తో చనిపోయిందని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ వచ్చింది. దేశమంతా ఫోన్లు తీసి వెతికింది. ఫిబ్రవరి 3న ఆమే వీడియోలోకి వచ్చి, నేను బతికే ఉన్నాను, అవగాహన కోసం ఇట్లా చేశాను అంది. తిట్టినోళ్లు తిట్టారు, మీమ్స్ వేసినోళ్లు వేశారు, అయిపోయింది.

ఆ దొంగ చావు సంగతి అందరికీ తెలుసు. కానీ ఇదే టీకా చుట్టూ మన తెలంగాణ గడ్డ మీదే ఒక నిజమైన కథ జరిగింది. అందులో నిజంగా చనిపోయిన పిల్లలున్నారు, పార్లమెంటు కమిటీ ఉంది, సుప్రీంకోర్టు కేసు ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు డిగ్రీ చదివే పిల్లల్ని హెచ్‌పీవీ అంటే ఏందని అడిగి చూడండి. నాకు ఎక్కువగా వినపడిన జవాబు, 'హెచ్ఐవీనా అన్నా?' అనే. అది తెలివి తక్కువై కాదు, చెప్పినోళ్లు లేక. అందుకే ఈ రోజు ఆ కథ మొదటి నుంచి చెప్పుకుందాం.

ముందు ఈ వైరస్ సంగతి. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. హెచ్ఐవీతో దీనికి సంబంధం లేదు. ఇందులో 200కి పైగా రకాలున్నాయి. కొన్ని చర్మం మీద పులిపిర్లు తెస్తాయి. ఇంకొన్ని శారీరక కలయిక ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతాయి. అట్లా సోకడం చాలా మామూలు విషయం. మగవాళ్లకీ ఆడవాళ్లకీ, పెళ్లయి ఒక్క మనిషితోనే ఉన్నవాళ్లకి కూడా సోకుతుంది. కాబట్టి ఇది ఎవరి నడవడిక మీదా తీర్పు కాదు. ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దీన్ని తరిమేస్తుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా ఉండిపోతుంది. అట్లా ఏళ్ల తరబడి ఉండిపోతే, 15, 20 ఏళ్ల తర్వాత గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ కావచ్చు.

ఈ సంగతి కనిపెట్టింది జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జూర్ హౌసెన్. అప్పట్లో చాలామంది ఈ క్యాన్సర్‌కి వేరే వైరస్ కారణం అనుకునేవాళ్లు. ఆయన టీమ్ 1983లో హెచ్‌పీవీ 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని క్యాన్సర్ కణాల్లో పట్టుకుంది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ కేసుల్లో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్‌లో, పక్కన మేడ్చల్ పల్లెల్లో చేసిన పరిశోధనలో కూడా క్యాన్సర్ పేషెంట్లలో ఎక్కువగా దొరికింది 16, ఆ తర్వాత 18. అంటే జర్మనీలో కనిపెట్టిన ఆ రెండు రకాలే మన పల్లెల ఆడవాళ్లనీ చంపుతున్నాయి.

టీకా ఎట్లా వచ్చింది? 1991లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వైరస్ పైపొట్టు లాంటి కణాల్ని ల్యాబ్‌లో తయారుచేశారు. పొట్టు మాత్రమే, లోపల గింజ ఉండదు. వైరస్ జన్యువు అందులో లేదు కాబట్టి అది జబ్బు తేలేదు. కానీ శరీరం దాన్ని చూసి శత్రువు మొహం గుర్తుపెట్టుకుంటుంది. అసలు వైరస్ వచ్చినప్పుడు లోపలికి రానివ్వదు. ఈ పద్ధతి మీద తయారైన గార్డాసిల్ టీకాకి 2006 జూన్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. 2008లో మన దేశంలోనూ అనుమతి వచ్చింది.

క్యాన్సర్‌ని ఆపే టీకా మనకి కొత్తేమీ కాదు. హెపటైటిస్ బీ టీకా లివర్ క్యాన్సర్‌ని కూడా ఆపుతుంది. దాన్ని తక్కువ ధరకి మన దేశంలో మొదట తయారుచేసింది 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి గారి కంపెనీ. చిన్నప్పుడు మీలో చాలామందికి ఆ టీకా పడే ఉంటుంది.

ఇప్పుడు ఖమ్మం సంగతికి వద్దాం. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. మూడు మండలాలు ఎంచుకున్నారు: భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గార్డాసిల్ మూడు డోసులు వేయాలని ప్లాన్. దాదాపు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇట్లాంటిదే ఇంకో కంపెనీ టీకాతో నడిచింది.

ఖమ్మంలో చాలామంది పిల్లలు గిరిజన, దళిత కుటుంబాల వాళ్లు. ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండేవాళ్లు. అమ్మానాన్న ఎక్కడో ఊర్లో, పిల్ల హాస్టల్‌లో. మరి పిల్లకి టీకా వేయాలంటే సంతకం ఎవరు పెట్టాలి? తల్లిదండ్రులు పెట్టాలి, అది కూడా విషయం అర్థమయ్యాక. కానీ జరిగింది వేరు. తర్వాత లెక్క తీస్తే, చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2,763 మంది ఆడపిల్లలు. వాళ్ల ఒంట్లోకి సూది పోయేముందు ఆ కాగితం మీద సంతకం పెట్టింది వాళ్ల అమ్మ గానీ నాన్న గానీ కాదు. వేలిముద్ర వేసిన తల్లిదండ్రులకి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా అన్నది ఇంకో ప్రశ్న. 2010 మార్చిలో సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్లు భద్రాచలం వెళ్లి పిల్లల్తో, తల్లిదండ్రులతో మాట్లాడారు. అసలు ఏం జరుగుతోందో అప్పుడు బయటపడింది. మహిళా సంఘాలు గట్టిగా అడిగాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ ప్రాజెక్టుని ఆపేసింది.

గొడవ పెద్దది కావడానికి ఇంకో కారణం, పిల్లల మరణాలు. ఆంధ్రప్రదేశ్‌లో 5, గుజరాత్‌లో 2, మొత్తం 7. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఒక పాప క్వారీ నీళ్లలో మునిగి చనిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరివి ఆత్మహత్యలు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు, ఒకరికి జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం అయి ఉండొచ్చన్నారు. టీకా వల్ల ఈ మరణాలు జరిగాయనడానికి ఆధారం లేదని కమిటీ తేల్చింది.

మరి అంతటితో అయిపోయిందా? కాలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదిక ఇచ్చింది. పాత్‌ని, వైద్య పరిశోధన మండలిని, ఔషధ నియంత్రణ శాఖని గట్టిగా తప్పుపట్టింది. సమ్మతి సరిగ్గా తీసుకోలేదంది. టీకా తర్వాత ఏదైనా జరిగితే పట్టుకునే ఏర్పాటు లేదంది. సుప్రీంకోర్టులో కల్పనా మెహతా పేరుతో కేసు నడిచింది. పార్లమెంటు కమిటీ నివేదికని కోర్టులో ఆధారంగా చూపొచ్చా లేదా అన్న ప్రశ్న ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాకా పోయింది. చూడొచ్చని 2018 మే నెలలో తీర్పు వచ్చింది. భద్రాచలం హాస్టల్ పిల్లల కేసు మన రాజ్యాంగ చరిత్రలో కూడా ఒక పేజీ అయింది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. వాట్సాప్‌లో ఈ కథ రెండు ముక్కలుగా తిరుగుతుంది. ఒక ముక్క, 'ఖమ్మంలో టీకా వేసి పిల్లల్ని చంపిన్రు' అంటుంది. ఇంకో ముక్క, 'అదంతా పుకారు, ఏం కాలేదు' అంటుంది. రెండూ సగం సగమే. టీకా పిల్లల్ని చంపిందని విచారణలో తేలలేదు. కానీ పిల్లలకి జరిగిన అన్యాయం పుకారు కాదు, పార్లమెంటు రికార్డులో ఉంది. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పగలిగితేనే మన ఊర్లో ఒక అవ్వ టీకా గురించి మనల్ని నమ్ముతుంది. ఒకటి దాచి ఇంకోటి చెబితే, దాచింది బయటపడ్డ రోజు మిగతాది కూడా నమ్మదు.

ఆపేసిన తర్వాత ఏమైంది? ఇండియా ఆగిన అదే 2010లో, మన పక్కనున్న చిన్న దేశం భూటాన్ తన ఆడపిల్లలందరికీ ఈ టీకా మొదలుపెట్టింది. 2011లో ఆఫ్రికాలోని రువాండా మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా 2007లోనే మొదలుపెట్టింది. స్కాట్లాండ్ నుంచి 2024 జనవరిలో ఒక ఫలితం వచ్చింది. అక్కడ 1988 నుంచి 1996 మధ్య పుట్టి, 12, 13 ఏళ్ల వయసులోనే టీకా పూర్తిగా వేయించుకున్న ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ ముదిరిన కేసు ఒక్కటి కూడా కనపడలేదు. ఒక్కటి కూడా.

భయం ఖరీదు ఎంతో చూడాలంటే జపాన్‌ని చూడండి. 2013లో అక్కడ టీవీల్లో, పేపర్లలో టీకా మీద భయపెట్టే వార్తలు వచ్చాయి. ప్రభుత్వం వేయించుకోండి అని చెప్పడం ఆపేసింది. 70 శాతం దగ్గరున్న టీకా ఒక్క శాతం కంటే కిందికి పడిపోయింది. మళ్లీ 2022 ఏప్రిల్‌లో గానీ చెప్పడం మొదలుపెట్టలేదు. ఆ మధ్యలో పెరిగిన ఆడపిల్లలకి ఆ రక్షణ అందాల్సిన వయసులో అందలేదు. మన దేశంలో ఏటా లక్షా 27 వేలకి పైగా కొత్త కేసులు వస్తున్నాయి, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ఇవి 2022 అంతర్జాతీయ అంచనాలు. చనిపోయేది ఎక్కువగా ఇల్లు నడిపే వయసులో ఉన్న ఆడవాళ్లు.

కానీ ఈ కథలో ఎవరూ ఊహించని మలుపు ఒకటుంది. 2009లోనే, ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, ఇంకో పరిశోధన దేశంలో 9 చోట్ల మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నడిపింది. మన హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి కూడా అందులో ఒక కేంద్రం. మన పాలమూరోళ్లు క్యాన్సర్ అనగానే బస్సెక్కి పోయే ఎంఎన్‌జేనే. ప్రశ్న ఏందంటే, మూడు డోసుల బదులు రెండు సరిపోతాయా? 20 వేల మంది అమ్మాయిల్ని చేర్చుకోవాలని అనుకున్నారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవ వల్ల దేశమంతా హెచ్‌పీవీ టీకా పరిశోధనలు ఆగినప్పుడు, ఇది కూడా ఆగింది. అప్పటికి సుమారు 17,700 మందికి కనీసం ఒక డోసు పడింది. అందులో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడి ఆగిపోయింది.

పరిశోధకులు ఆ అమ్మాయిల్ని వదిలేయలేదు. ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. 2021లో పదేళ్ల ఫలితం లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చింది. 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు పనితనం 95.4 శాతం. రెండు డోసులు 93.1, మూడు డోసులు 93.3. అంటే దాదాపు సమానం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు చాలు, లేదా రెండు వేయొచ్చు అని చెప్పింది. కెన్యా, కోస్టారికా పరిశోధనలతో పాటు మన అమ్మాయిల లెక్క కూడా ఆ నిర్ణయం వెనక ఉంది. ఖర్చు తగ్గింది కాబట్టి ఎన్నో పేద దేశాలు టీకా మొదలుపెట్టగలిగాయి. మన దగ్గర ఆగిపోయిన పని ప్రపంచానికి దారి చూపించింది. దీనికోసం ఖమ్మంలో జరిగింది మంచిదే అనడం తప్పు. కానీ ఆ 5 వేల మంది అమ్మాయిలు లేకపోతే ఈ సంగతి ఇంత గట్టిగా తెలిసేది కాదు.

తర్వాత మన సొంత టీకా వచ్చింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కి 2022 జూలైలో అనుమతి వచ్చింది. 2023లో మార్కెట్లోకి వచ్చినప్పుడు ప్రైవేటులో 2,000 రూపాయల ధర పెట్టారు. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మాట కాదు. అందుకే సర్కారు ద్వారా రావడం అంత ముఖ్యం.

ఇక మన మూడు జిల్లాల సంగతి. 2009లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. అప్పుడు అంత పెద్ద జిల్లాలో ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా లేదు. ఇప్పుడు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి కాలేజీలున్నాయి. మీ ఊరి పక్కనే తెల్లకోటు వేసుకున్న మీ వయసు పిల్లలు తిరుగుతున్నారు. వాళ్లని అడగండి, సిగ్గుపడకండి.

కానీ కాలేజీ వచ్చినంత మాత్రాన టీకా అందరికీ అందదు. బడిలో టీకా వేస్తే బడికొచ్చిన పిల్లకే అందుతుంది. మరి గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి చేలల్లో పూలకి క్రాసింగ్ చేయడానికి పోయే పిల్ల? అమ్మానాన్నతో ముంబైకో, పుణెకో, హైదరాబాద్ కట్టడాల దగ్గరికో వలస పోయిన పిల్ల? నల్లమలలో చెంచుపెంటలో ఉన్న పిల్ల? క్యాన్సర్ ముదిరాక పట్టుబడేది కూడా ఎక్కువగా ఇట్లాంటి ఇళ్లలోనే, ఎందుకంటే పరీక్షకి పోయే రోజు కూలి పోతుంది. టీకా లిస్టు రాసేటప్పుడు ఈ పిల్లల పేర్లు చెప్పాల్సింది మనమే. మన వీధి ఆశాకి, ఏఎన్ఎం అక్కకి ఒక్క మాట చెబితే చాలు.

మరి 18 దాటిన మీ సంగతి? టీకా బాగా పనిచేసేది వైరస్ సోకకముందే, అందుకే 9 నుంచి 14 ఏళ్లు అంటారు. అయినా 26 ఏళ్ల దాకా వేయించుకోవచ్చు, మగపిల్లలు కూడా. ఈ వైరస్ మగవాళ్లలో గొంతు, మలద్వార, పురుషాంగ క్యాన్సర్లు తెస్తుంది. సెర్వావాక్ లేబుల్ ప్రకారం 15 దాటితే మూడు డోసులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 21 దాటిన వాళ్లకి రెండు చాలంటుంది. మీకు ఏది సరో డాక్టర్‌ని అడిగి వేయించుకోండి. గర్భంతో ఉంటే ప్రసవం దాకా ఆగాలి. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరు అనే మాటకి, ప్రపంచమంతా కోట్ల డోసులు వేసిన తర్వాత కూడా, ఆధారం దొరకలేదు. సూది వేసిన చోట నొప్పి, కొంచెం జ్వరం, కొందరికి కళ్లు తిరగడం, ఇవి మామూలు. అందుకే వేశాక 15 నిమిషాలు కూర్చోబెడతారు. టీకా అప్పటికే సోకిన వైరస్‌ని పోగొట్టదు. కాబట్టి 30 దాటిన అమ్మలకి, అక్కలకి పరీక్షే దారి. ముఖద్వారం మీద ఆసిటిక్ యాసిడ్ పూసి చూసే పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, సర్కారు కార్యక్రమంలో అది ఉంది. నెలసరి కాని రోజుల్లో రక్తం కనపడితే, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనపడితే, వాసనతో తెల్లబట్ట అయితే ఆగకుండా చూపించుకోవాలి.

2009లో భద్రాచలం హాస్టల్‌లో లైన్లో నిలబడ్డ 10, 14 ఏళ్ల పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన ఆడవాళ్లు. మీకు అక్కలవుతారు. వాళ్లకి ఎవరూ ఇవ్వని ఒక అవకాశం మీకుంది. మీ చెల్లి బడి నుంచి సమ్మతి పత్రం వస్తే, దాన్ని ఇంట్లో అమ్మకి తెలుగులో చదివి వినిపించండి. ఏం టీకా, ఎన్ని డోసులు, ఎవరు వేస్తున్నారు, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు విన్నాక అమ్మే సంతకం పెట్టాలి. చదువు రాకపోతే, అర్థమయ్యాకే వేలిముద్ర వేయాలి. వార్డెన్ సార్ కాదు.

ఇంట్లో ఈ మాట ఎత్తడానికి మొహమాటంగా ఉంటే ఈ వీడియో పెట్టి పక్కకి పోండి, పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. పైలం.